పోలీసు వేలంలో పాత బండి కొనాలంటే

అనంతపురంలో చానామంది అడుగుతాంటారు, పోలీసోళ్ల పాత బొలెరో వేలంలో చీప్‌గా వస్తుందంట కదన్నా అని. వస్తుందప్పా, కానీ ముందు నోటీసు సరిగ్గా చదువు, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, తుక్కుకే పోవాల, కాబట్టి ఆర్సీతో ఇస్తారా లేదా అనేది ఫస్ట్ అడుగు.

ఇంగ మీటర్ చూసి మోసపోవద్దు. పెట్రోలింగ్ బండి సర్కిల్లో గంటలు గంటలు నిలబడే ఉంటుంది, ఇంజన్ ఆన్‌లోనే, కిలోమీటర్లు తిరగవు గానీ ఇంజన్ అరిగిపోతాది. అందుకే మెకానిక్‌ని ఎంటబెట్టుకొని పో, బిర్యానీ ఖర్చు నీదే. పైన లైటు బిగించిన బొక్కలుంటాయి చూడు, ఆడ నీళ్లు దిగి తుప్పు పట్టింటాది. చాసిస్ నంబర్ కాగితంతో కలుస్తాందో లేదో చూసుకో.

పాట ఆవేశంలో పాడొద్దు, పైన జీఎస్టీ ఉంటుందేమో ముందే అడిగి లెక్కేసుకో. బండి చేతికొచ్చినాక 30 రోజుల్లోపు ఆర్టీవో ఆఫీసులో ఫారం 32 ఇయ్యాల, వేలం బండ్లకి అదే ఫారం. సైరను, పోలీస్ స్టిక్కర్ ఉంటే ఆ రోజే పీకేయ్.