కిడ్నీలో గడ్డ కనిపిస్తే డ్యూయల్ ఎనర్జీ సీటీని ఎలా చదవాలి

కడుపునొప్పి అని తీసిన సీటీలో అనుకోకుండా కిడ్నీలో చిన్న లీజన్ (గడ్డలాంటి మార్పు) కనిపిస్తుంది. ఉన్నది కాంట్రాస్ట్ (అయోడిన్ ఉన్న మందు) ఇచ్చాక తీసిన ఒక్క ఫేజే, అంటే ఒక్క విడత బొమ్మలే, అందులో లీజన్ 45 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలిచే యూనిట్) వస్తుంది. రక్తం చేరి చిక్కబడ్డ సిస్టా (నీటి తిత్తి), కాంట్రాస్ట్ తీసుకుంటున్న ట్యూమరా? మామూలు సీటీ అయితే చాలాసార్లు పేషెంటుని మళ్లీ పిలవాల్సిందే. డ్యూయల్ ఎనర్జీలో, అంటే రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలతో తీసి ఉంటే జవాబు ఆ డేటాలోనే దొరకొచ్చు, అందుకే ముందు ఆ రెండు శక్తుల డేటా (స్పెక్ట్రల్ డేటా) దాచారో లేదో చూసుకోండి, స్కానర్‌లోంచి చెరిగిపోయాక ఇక చేసేదేం లేదు.

దీని కిటుకంతా కాంట్రాస్ట్‌లోని అయోడిన్‌లో ఉంది. ఎక్స్‌రే ట్యూబు వోల్టేజి 80 లేదా 100 కేవీలో ఉంటే అది బాగా మెరుస్తుంది, 140 దగ్గర మెరుపు తగ్గుతుంది, నీళ్లూ మెత్తటి కణజాలమూ అంతగా మారవు. ఆ తేడా పట్టుకుని సాఫ్ట్‌వేర్ అయోడిన్‌ని విడదీసి ఒక మ్యాప్ ఇస్తుంది, అయోడిన్ తీసేసిన వర్చువల్ నాన్‌కాంట్రాస్ట్ బొమ్మ ఇంకోటి ఇస్తుంది.

నేనైతే ముందు ఈ రెండోది తెరుస్తాను. లీజన్ అంతా ఒకేలా ఉండి 20 హెచ్‌యూ లోపు ఉంటే సాధారణంగా మామూలు సిస్టే, 70 లేదా ఆపైన ఉంటే హైపర్‌డెన్స్ సిస్ట్, అంటే చిక్కబడ్డ సిస్ట్. ఈ హద్దులు నిజమైన ప్లెయిన్ స్కాన్ (కాంట్రాస్ట్ ఇవ్వకముందు తీసేది) కోసం పెట్టినవి, వర్చువల్ అంకె దానితో అచ్చంగా సరిపోదు, 19కీ 22కీ మధ్య తగువు పెట్టుకోకండి. సన్నటి కాల్షియం కూడా అయోడిన్‌తో పాటు కొట్టుకుపోవచ్చు.

తర్వాత అయోడిన్ మ్యాప్. రంగు చూసి మోసపోకండి, విండో (బొమ్మ వెలుగునీ రంగునీ మార్చే సెట్టింగ్) కాస్త జరిపితే నల్లగా ఉన్నది కూడా నారింజ రంగులోకి వస్తుంది. లీజన్ లోపల ఆర్‌ఓఐ (కొలవాల్సిన చోటుని గుర్తించే వలయం) గీయండి, అంచుకి తగలనివ్వకండి, కాల్షియం మీద పడనివ్వకండి, మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ ఉందో చదవండి. అంతకన్నా ఎక్కువైతే కాంట్రాస్ట్ తీసుకుంటున్నట్టే అని చాలామంది 0.5 దగ్గర గీత గీస్తారు కానీ ఆ గీత మెషీన్‌ని బట్టి జరుగుతుంది, మీ మెషీన్‌లో మామూలు సిస్ట్‌కి ఎంత వస్తుందో చూసి పెట్టుకుంటే ఆ అంకెకి అర్థం ఉంటుంది. పాపిలరీ రకం కాన్సర్ కాంట్రాస్ట్‌ని చాలా తక్కువగా తీసుకుంటుంది, నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే.

ఉదాహరణకి కిడ్నీ లోపల పూర్తిగా మునిగి ఉన్న 1.2 సెంటీమీటర్ల సిస్ట్ అనుకోండి. ప్లెయిన్‌లో 12, కాంట్రాస్ట్ తర్వాత 26. పెరిగింది 14, అంటే 10 నుంచి 20 మధ్య, ఎటూ తేలని చోటు. చుట్టూ వెలిగిపోతున్న కిడ్నీ వల్ల వచ్చే దొంగ పెరుగుదల ఇది, సూడోఎన్‌హాన్స్‌మెంట్ అంటాం. 80 కెఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, పైన చెప్పిన కేవీ కాదు) చుట్టుపక్కల మోనోఎనర్జెటిక్ బొమ్మలో, అంటే ఒకే శక్తి ఎక్స్‌రేతో తీసినట్టు సాఫ్ట్‌వేర్ లెక్కకట్టిన బొమ్మలో చూడండి, ఆ పెరుగుదల తగ్గిపోయి మ్యాప్‌లో కూడా అయోడిన్ లేకపోతే సిస్ట్ వైపే మొగ్గుతాను.

డ్యూయల్ సోర్స్ మెషీన్ (రెండు ట్యూబులు, రెండు డిటెక్టర్లు ఉన్నది) అయితే ఇంకో సంగతి. రెండో డిటెక్టర్ చూసే వలయం చిన్నది, లావుగా ఉన్న పేషెంట్లో కిడ్నీ దాని బయటకి జారిపోతే అక్కడ మ్యాపే ఉండదు, టేబుల్ మీద పడుకోబెట్టేటప్పుడే మధ్యకి సర్దాలని టెక్నీషియన్‌కి చెప్పండి.

ఇంత చేసినా అంకె గీత మీదే కూర్చుంటే రిపోర్టులో ఆ మాటే రాసి ఎంఆర్‌ఐ అడగండి.