డిస్‌ప్లే రాలేదా? ముందు సీపీయూ వెనక తీగ పీకండి

మొన్న ఆదివారం విశాఖ పెద వాల్తేరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇంజినీరింగ్ చదివే వాళ్ళబ్బాయి కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు. ఏదో వీడియో చూసి ర్యామ్, అంటే మెమరీ పలక, పీకి, మళ్ళీ పెట్టబోయాడు. చిటుక్కుమని నిప్పురవ్వ, ఆ వెంటనే కాలిన వాసన. నేను వెళ్ళేసరికి అబ్బాయి చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికేమీ కాలేదు, బాగా బెదిరిపోయాడు. ర్యామ్ తీసి లైటు కింద పెట్టి చూస్తే బంగారు రంగు పళ్ళలో రెండు నల్లగా మాడి ఉన్నాయి. స్లాట్‌లో సరిగ్గా అదే చోట ప్లాస్టిక్ చిన్న బొబ్బలా ఉబ్బింది. ర్యామ్ పోయింది, మదర్‌బోర్డూ పోయింది.

"స్విచ్ కట్టీసే తీశాడు కదా బాబూ, మరేటిలా అయింది?" అని అడిగారావిడ.

గోడ స్విచ్ కట్టిన మాట నిజమే. కానీ బల్ల కింద యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. అది ఆగి ఆగి కుయ్ కుయ్‌మంటుంటే, ర్యామ్ బాగోలేదని మదర్‌బోర్డు మోగుతోందని ఆ అబ్బాయి అనుకున్నాడు. వీడియోలో అలాగే చెప్పారట. తెర నల్లగా ఉంది, స్విచ్ కట్టేసి ఉంది, ఇంకా కరెంటు ఎక్కడిదనుకున్నాడు.

కంప్యూటర్ రిపేరు పనిలో ఉన్న ఇన్నేళ్ళలో బాగుచేయగలిగిన కంప్యూటర్లు చచ్చిపోవడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదొక్కటే. తెర నల్లగా ఉంటే లోపల కరెంటు లేదనుకుంటారు. ఫ్యాను తిరుగుతోందంటే బోర్డంతా కరెంటు ఉన్నట్టే. బటన్ నొక్కి ఆపేసినా సరే, తీగ పెట్టి ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును తగ్గించి ఇచ్చే డబ్బా) బోర్డుకి 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కగానే లేవడానికి ఆ కాస్త కరెంటు ఉండాలి. కంప్యూటర్ ఆపేశాక కూడా మౌస్ కింద ఎర్రలైటు వెలుగుతూ ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. 5 వోల్టులు మనిషిని ఏమీ చేయవు. కానీ స్క్రూ జారి బోర్డు మీద పడినా, ర్యామ్ వంకరగా దిగినా బోర్డు పోవడానికి అవి చాలు.

అందుకని, మూత మీద చెయ్యి వేసే ముందు సీపీయూ వెనక ఎస్‌ఎంపీఎస్‌లోకి వెళ్ళే తీగను చేత్తో పీకండి. పీకిన కొస బల్ల మీద, మీ కళ్ళెదురుగా పెట్టుకోండి. గోడ స్విచ్‌ని నమ్మొద్దు. యూపీఎస్ ఉంటే అది ఇస్తూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ కట్టేసినా ఆ లైను బతికే ఉంటుంది. పాత ఇళ్ళలో వైరింగ్ తారుమారై, స్విచ్ ఫేజును వదిలేసి న్యూట్రల్‌ను కట్ చేసినవి కూడా చూశాను. తీగ కొస కంటికి కనిపిస్తేనే కరెంటు లేనట్టు.

పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిపోయిన కాస్త కరెంటు అలా దిగిపోతుంది. ఒక్కోసారి ఫ్యాను కొంచెం కదిలి ఆగుతుంది కూడా. ఇంత మాత్రానికే, తిరిగి తీగ పెట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చేసిన కంప్యూటర్లు చాలా ఉన్నాయి. అవి విప్పే పనే లేదు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్ళో ఈ సమస్య ఎక్కువయ్యే రోజులివి. లాసన్స్ బే, జాలారిపేట, బీచ్ రోడ్డు వెంబడి ఇళ్ళలో కిటికీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేయాల్సి వస్తుందో అక్కడుండేవాళ్ళకి తెలుసు. ఆ ఇనుమును తినే ఉప్పుగాలే ర్యామ్ పళ్ళనీ తింటుంది. పైనున్న బంగారు పూత చాలా పల్చన. వానాకాలం తేమకి ఉప్పు తోడైతే పూత కింది లోహం పొర కట్టి, స్లాట్‌కి సరిగ్గా తగలదు. నిన్న రాత్రి బాగానే పనిచేసింది తెల్లారి డిస్‌ప్లే ఇవ్వదు. ఇక అందరూ ర్యామ్ పీకడానికి కూర్చుంటారు. పీకండి, తప్పు లేదు, కానీ ముందు తీగ పీకండి.

విప్పకముందు

కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లేచినట్టే, తప్పు మానిటర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. సీపీయూ ముట్టుకోవద్దు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళు మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టారో లేదో చూసుకోండి. ఊడ్చి తుడిచిన రోజు అది పొరపాటున మదర్‌బోర్డు పోర్టులోకి వెళ్తుంది.

మోత వినిపిస్తే అది సీపీయూదా, యూపీఎస్‌దా తేల్చుకోండి. యూపీఎస్ దగ్గర చెవి పెడితే తెలిసిపోతుంది. సీపీయూదే అయితే ఫోన్‌లో రికార్డు చేయండి. ఎన్నిసార్లు మోగితే ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీరు మాటల్లో చెప్పడం కన్నా వినిపిస్తే మాకు సులువు.

సీపీయూ ఇనప డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల ఆ డబ్బా మీదకి సప్లైలో సగం, అంటే 115 వోల్టుల దాకా వస్తుంది. అందులో కరెంటు తక్కువే కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది గానీ, అదే స్థితిలో మానిటర్ కేబుల్ గుచ్చితే పోర్టు కాలవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించిన ఇళ్ళలో ఇది మామూలు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కంప్యూటర్ సంగతి తర్వాత.

విప్పాక

తీగ బల్ల మీద ఉందా? మరోసారి చూడండి.

చెప్పులు వేసుకోండి, తడి గచ్చు మీద కూర్చోవద్దు. లోపల రంగు లేని ఇనుము మీద ఒకసారి చెయ్యి ఆనించి, అప్పుడు ర్యామ్ ముట్టుకోండి. మన ఒంటి మీది స్టాటిక్ అలా పోతుంది. ర్యామ్‌ను అంచులతో పట్టుకోవాలి. పళ్ళ మీద వేలు పడితే చెమటలోని ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో పళ్ళను పై నుంచి కొసకి, ఒకే వైపు, మెల్లగా రుద్దండి. సముద్రం దగ్గరి ఇళ్ళ ర్యామ్ రుద్దితే రబ్బరు అంచు బూడిద రంగుకి తిరుగుతుంది, ఒక్కోసారి ఆకుపచ్చ కూడా కనిపిస్తుంది. రబ్బరు రజను బ్రష్‌తో దులిపేయండి, అది స్లాట్‌లో పడితే మళ్ళీ అదే సమస్య. గరుకు కాగితంతో రుద్దొద్దు, ఆ పూత ఒక్కసారికే పోతుంది. పెట్టేటప్పుడు ర్యామ్ మధ్యలోని గాడి స్లాట్‌లోని అడ్డుకి సరిగ్గా ఎదురు రావాలి. రెండు చివరలా సమానంగా నొక్కితే టక్‌మని క్లిప్పు పడుతుంది. రెండు ర్యాములుంటే ఒక్కటే పెట్టి చూడండి.

కొత్తగా డీడీఆర్5 రకం ర్యామ్ ఉన్న కంప్యూటర్ కొన్నవాళ్ళకి, ర్యామ్ తీసి పెట్టాక మొదటిసారి డిస్‌ప్లే రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. మెమరీని అది సరిచూసుకుంటుంది. కంగారుపడి మధ్యలో ఆపొద్దు.

తుపాను సంగతి విడిగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి దగ్గరే తీరం దాటింది. అద్దాలు పగిలిన ఇళ్ళలో జల్లు నేరుగా సీపీయూల మీద కొట్టింది. చాలా వీధుల్లో కరెంటు రావడానికి రోజులు పట్టింది. వచ్చీరాగానే జనం ఆన్ చేసి చూసుకున్నారు. ఆన్ చేయకుండా తెచ్చినవాటిని శుభ్రం చేసి ఆరబెడితే చాలావరకు లేచాయి. "ఒక్కసారి వేసి చూశామండీ" అని తెచ్చినవాటిలో తడి మీద షార్టయి బోర్డు మీది సన్నటి రాగి గీతలే కాలిపోయాయి. ఆ ఒక్కసారి వేసి చూడటం వల్ల ఎంతమంది పిల్లల ఫొటోలు, లెక్కల పుస్తకాలు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

తుపాను హెచ్చరిక రాగానే పవర్ తీగతో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. పిడుగు దాని గుండా కూడా వస్తుంది.

కరెంటు పోయి వచ్చాక వెంటనే వేయొద్దు. వోల్టేజి కుదురుకోవడానికి పావుగంట ఆగండి.

తడిసినది ఆన్ చేయొద్దు. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, అది నీటిని చిప్పుల కిందకి తోస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ విప్పొద్దు. తీగ పీకినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు. బల్లి దూరి చచ్చినా సరే, మీరు విప్పొద్దు.

పాత ఎస్‌ఎంపీఎస్ వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే దాన్ని కదపొద్దు. 115కి జరిపి ఆన్ చేస్తే పేలుతుంది.

ప్రాసెసర్ జోలికి వెళ్ళొద్దు. దాని మీది కూలర్ ఫ్యాను లాగితే మధ్యలోని పేస్టుకి అంటుకుని కొన్ని రకాల్లో ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పెన్నుతో ఆపి పట్టుకోండి.

జ్ఞానాపురం, ఓల్డ్ టౌన్ వైపు నల్లదుమ్ము పేరుకుంటుంది. నెలకోసారి దులపండి. దులిపేముందు తీగ పీకండి.

మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, మార్చేటప్పుడు కూడా తీగ పీకే ఉండాలి.

డిస్‌ప్లేయే రాని కంప్యూటర్‌కి విండోస్ ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే ఇవ్వొద్దు. కంపెనీ లోగో కూడా రావట్లేదంటే విండోస్ దాకా పని వెళ్ళనే లేదు. డేటా ఊరికే పోతుంది.

కాలిన వాసన వస్తే మళ్ళీ వేసి చూడొద్దు.

ర్యామ్ పెట్టి, మూత బిగించకుండానే ఆన్ చేసి చూస్తారు. డిస్‌ప్లే రాదు. చెయ్యి వెంటనే మళ్ళీ ర్యామ్ మీదకి వెళ్తుంది. నేను చూసినవాటిలో చాలా బోర్డులు ఆ రెండోసారే పోయాయి, ఎందుకంటే మొదటిసారి పీకిన తీగ అప్పటికి మళ్ళీ పెట్టి ఉంటుంది. రెండోసారైనా, పదోసారైనా, ముందు తీగ పీకి బల్ల మీద పెట్టండి.