మీ కుక్కది కుడివాటమా, పుర్రచెయ్యా?

షేక్‌హ్యాండ్ అడిగితే ఏ కాలు ఇస్తుందో చూసి తేల్చేద్దాం అనుకుంటారు చాలామంది. అది పనికిరాదు. మొదట్లో ఏ కాలికి బిస్కెట్ పెట్టి నేర్పారో అదే ఇస్తుంది, కాబట్టి అక్కడ కనిపించేది మీ ట్రైనింగే గానీ దాని వాటం కాదు.

కావాల్సింది పెరుగన్నం. ఉప్పు, తాలింపు లేకుండా మెత్తగా పిసికి, లోపల డొల్లగా ఉండే రబ్బరు బొమ్మలో (కాంగ్ అని అమ్ముతారే, అలాంటిది) కూరి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టిందంటే నాకి తీయడం కష్టం, బొమ్మేమో టైల్స్ మీద దొర్లిపోతుంటుంది, ఇక కాలితో అదిమి పట్టుకోక తప్పదు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో బెల్లం (వీధిలో దొరికింది, రంగు చూసి పెట్టిన పేరు) ముందు దాన్ని ముక్కుతో సోఫా కిందికి నెట్టేస్తుంది. తీసిచ్చాక పడుకుని, ఎడమ పంజా మీద వేసి గోళ్లు రబ్బరులో దిగేలా నొక్కి, తల ఒక పక్కకి వాల్చి నాలుక లోపలికి పంపిస్తుంది. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ అది చూసి "దీనిదీ నీ మాదిరే పుర్రచెయ్యిరా" అంది.

పంజా పెట్టిన ప్రతిసారీ ఒకటి, ఎత్తి మళ్లీ పెడితే ఇంకొకటి. రెండు పంజాలూ ఒకేసారి పెడితే వదిలేయండి. రెండు మూడు రోజుల మీద 50 సార్లు లెక్కపెట్టండి. అందులో 32 లేదా అంతకు మించి ఒకే వైపు వస్తే వాటం ఉన్నట్టే. 29, 30 వచ్చాయని సంబరపడొద్దు, 50 సార్లు రూపాయి బిళ్ల ఎగరేసినా ఆ మాత్రం తేడా వస్తుంది.

ఎడమవాటం అని తేలితే టెన్షన్ పడకండి, పిరికిదని ముద్ర వేయకండి. నా ఉద్దేశంలో ఎక్కువ కనిపెట్టుకోవాల్సింది ఏ వాటమూ తేలని కుక్కని. 2006లో బ్రాన్సన్, రోజర్స్ అనే పరిశోధకులు కుక్కలకి ఉరుములు, టపాసుల శబ్దాలు వినిపిస్తే, పంజా వాటం లేనివే ఎక్కువ బెదిరాయి. మీది ఆ రకమైతే దీపావళికి ముందే కిటికీలు మూసిన ఒక గదిని దానికి అలవాటు చేయండి, మొదటి బాంబు పేలాక కాదు.

వాటం సంగతి అలా ఉంచితే, రోజూ అక్కరకొచ్చేది తోక. ఇటలీలో 30 కుక్కల మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, యజమాని కనబడితే తోక కుడివైపుకి ఎక్కువ ఊగింది, పెత్తనం చేసే కొత్త కుక్క కనబడితే ఎడమవైపుకి. ఒంటి ఎడమ భాగాన్ని నడిపేది కుడి మెదడు, భయం, పారిపోవడం లాంటివి ఎక్కువగా దాని పనే, అందుకని. వీడియో వెనక నుంచి తీయండి. నేను వారం రోజులు ముందు నుంచి తీసి, నా కుడినే దాని కుడి అనుకుని అంతా తలకిందులుగా రాసుకున్నాను. ఇంకో తలనొప్పి, మన వీధి కుక్కల తోక చుట్ట తిరిగి ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగి ఉంటుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఎంత ఒరుగుతుందో ముందు చూసిపెట్టుకుని, లిఫ్ట్‌లో పక్కింటి కుక్క ఎదురైనప్పుడు దానికంటే ఎటు ఎక్కువ పోతోందో గమనించండి. ఎడమకి పోతుంటే పలకరింపులు ఆపేసి మెట్ల వైపు నడవండి.

కళ్లదీ ఇదే వరస. ఆవులు కొత్త వస్తువుని ఎడమ కంటితో చూడ్డానికి ఇష్టపడతాయి, గుర్రాలు ఎడమవైపు నుంచి ఎదురైనదానికి ఎక్కువ ఉలిక్కిపడతాయి. ఇది చదివాక నేను మా వీధి మలుపులో పడుకునే ఆవుని దాని కుడివైపు నుంచే దాటుతున్నాను. వ్యాక్సిన్‌కి వెళ్లినప్పుడు డాక్టరు గారిని కూడా అడిగాను, బెల్లానికి కుడివైపు నుంచి రాగలరా అని. ఆయన నవ్వారు గానీ, స్టూల్ మాత్రం అటు జరుపుకున్నారు.