వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడం ఎలా?

ముప్పై వేలు పోసి కొన్న వాషింగ్ మెషీన్ మూడో నెలలోనే మొరాయించింది. మెకానిక్ రెండుసార్లు వచ్చి చూసినా బాగుపడలేదు. కంపెనీని అడగమని షాపువాళ్లు, షాపులో అడగమని కంపెనీవాళ్లు తిప్పుతున్నారు. ఇలాంటప్పుడు ‘కన్స్యూమర్ కోర్టులో వేస్తా’ అని బెదిరించి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నిజంగా వేయడం అంత కష్టమేమీ కాదు, లాయరు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. కాగితాలు దాచుకున్నామా లేదా అన్నదే అసలు సమస్య.

ముందుగా 1915కి ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే మాత్రం కంపెనీని ఆదేశించే అధికారం హెల్ప్‌లైన్‌కు లేదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కు (మనం కన్స్యూమర్ కోర్టు అనేది దీన్నే) వెళ్లాలి. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కదా అని ఆ గడువు ఆగదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. అందులో మనకు బాగా పనికొచ్చేది ఒకటుంది: మీరు ఉండే చోట, లేదా ఉద్యోగం చేసే చోటే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, కరీంనగర్ మనిషి కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, అదీ దాటితే జాతీయ కమిషన్. లెక్కలోకి వచ్చేది మీరు కట్టిన డబ్బే, అడిగే పరిహారం కాదు. కట్టింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు.

వ్యాపారం కోసం కొన్నవాటికి ఈ చట్టం వర్తించదు. కానీ సొంత కష్టంతో బతకడానికి దర్జీ కొనుక్కున్న కుట్టుమిషన్‌కు వర్తిస్తుంది.

ఇక కాగితాలు. బిల్లు, వారంటీ కార్డు, మెకానిక్ ఇచ్చిన జాబ్ షీట్లు, ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ జత చేయాలి. షాపులో మెషీన్ కొట్టిచ్చే బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి. కేసుకు ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపి, ఆ రశీదు కూడా దాచండి.

ఫిర్యాదులో షాపును, తయారీ కంపెనీని ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకర్నే చేరిస్తే తప్పును కేసులో లేని రెండోవాళ్ల మీదకు నెట్టేస్తారు. జరిగింది తేదీల వారీగా రాయండి, తిట్లు వద్దు. చివర్లో ఏం కావాలో విడివిడిగా అడగాలి: కొత్త వస్తువా, డబ్బు వాపసా, పరిహారం ఎంత, కేసు ఖర్చులెంత. ముప్పై వేల మెషీన్‌కు ‘మానసిక వేదన’ కింద పది లక్షలు అడిగితే, నా లెక్కలో మన కేసే పలచబడుతుంది. దీనికి అఫిడవిట్ జోడించి నోటరీ చేయించండి.

వీటిని కమిషన్ ఆఫీసులో ఇవ్వొచ్చు, 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. మొబైల్ నంబరుతో రిజిస్టరై, కమిషన్‌ను ఎంచుకుని, పీడీఎఫ్‌లు అప్‌లోడ్ చేయాలి. పరిశీలనలో లోపాలు చెబితే కంగారు పడొద్దు, సరిచేసి మళ్లీ పంపితే సరిపోతుంది.

ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందాక ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే మరో 15. తీర్పు 3 నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే 5 నెలల్లో రావాలని చట్టం అంటుంది. వాయిదాలతో అంతకంటే ఆలస్యమవుతుందని మనసులో పెట్టుకోండి. జిల్లా తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే కట్టమన్న సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి. అప్పీలూ చేయక, తీర్పునూ పాటించకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.