కొట్టంలో దోమలు: పొగ కంటే ముందు నీళ్ల సంగతి చూడండి

సాయంత్రం పాలు పితికే వేళ గేదె ఊరుకోకుండా కాళ్లు విదిలిస్తూ, తోకతో కొడుతూ ఉంటే పాలు సరిగా చేపదు. వెంటనే అందరం చేసేది వేపాకు పొగ. పొగ దోమను తరుముతుందే గాని చంపదు, ఆరగానే మళ్లీ వస్తుంది. దోమ పుట్టేది నిలవ నీళ్లలో. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి ఆరబెట్టడం. ఊళ్లో శుక్రవారం డ్రైడే (నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు) చేస్తే కొట్టానికీ అదే రోజు పెట్టుకోండి.

ముందు కుడితి తొట్టి. మీ నీడ పడకుండా పక్కనుంచి చూడండి. నీటి పైపొరకు తలకిందులుగా వేలాడుతూ, కదిలించగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయేవే దోమ పిల్లపురుగులు. పైపొరకు అడ్డంగా పడుకుని ఉంటే అవి మలేరియా దోమ జాతివి. చాలా తొట్లలో నీళ్లు పోయే రంధ్రం అడుగుకు అంగుళం పైన ఉంటుంది. తొట్టి ఖాళీ చేశామనుకుంటాం గాని ఆ అంగుళం నీళ్లలో పురుగులు బతికే ఉంటాయి. మిగిలింది ముంచి పోసి, గోనెపట్టాతో అద్ది, గోడలను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దండి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి, తడి తగలగానే పొదుగుతాయి. తీసిన నీళ్లు మోరీలో పోయకండి, పురుగులు అక్కడ పెరుగుతాయి. ఎండిన నేల మీద పారబోయండి.

తర్వాత మూత్రం పోయే కాలువ. 40 అడుగులకు అడుగు చొప్పున వాలు ఉండాలి, అంటే 20 అడుగుల కొట్టానికి అర అడుగు. బిందెడు నీళ్లు పోసి పది నిమిషాలాగి చూడండి. ఎక్కడ నిలిస్తే అక్కడ సిమెంటు పూయండి. పెంటకుప్ప చుట్టూ గుంటలు, పాత టైర్లు, గిట్టల గుంతలు పూడ్చినా, తీసేసినా సరే. ఖాళీ చేయలేని నీళ్ల ట్యాంకులో దోమ పిల్లపురుగులను తినే గంబూషియా చేపలు వేయొచ్చు, చెరువులో మాత్రం వద్దు. అవి మన నాటు చేపల గుడ్లు, పిల్లల్ని తినేస్తాయి.

పొగ వేస్తే ఇనుప మూకుడులో, గడ్డివాముకు దూరంగా, గాలి వచ్చే వైపున వేయండి. తలుపులు మూస్తే దూడలకు ఊపిరాడదు. టైర్లు, ప్లాస్టిక్ కాల్చడం మరీ ప్రమాదం. దూడలకు దోమతెర కడితే అంచులు నేలను తాకాలి, లేకపోతే దోమలు కిందనుంచి దూరతాయి.

రాత్రి మోటారు దగ్గర పడుకునే కూలీకి దోమతెర తప్పనిసరి. మెదడువాపు తెచ్చే దోమ వరి మడిలోనే పెరిగి, పొద్దుగూకాక కుడుతుంది. అందుకని నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఆ దోమకు రోగం పందుల నుంచి కూడా అంటుతుంది కాబట్టి పందుల దొడ్డి దగ్గర పడుకోకండి. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష.

వానాకాలంలో ఆవు ఉన్నట్టుండి కుంటుతూ, వణుకుతూ, పాలు తగ్గిస్తే మూడు రోజుల జ్వరం కావచ్చు. ఇదీ దోమలు, చిన్న చిన్న ఈగలు మోసుకొచ్చేదే. అప్పుడు గొంతులో మందు పోయకండి. మింగే శక్తి తగ్గి ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు దగ్గర పెట్టి, నీడలో కట్టి, డాక్టరును పిలవండి.