పాత ట్యాబ్‌లో కస్టమ్ రోమ్: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేయాలి

2013 నుంచి 2017 మధ్య కొన్న ఆండ్రాయిడ్ ట్యాబులు నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. తెర చక్కగా ఉంటుంది, బ్యాటరీ ఓ మోస్తరుగా నిలుస్తుంది, కానీ బ్రౌజర్ తెరిస్తే ఎన్నో వెబ్‌సైట్లకు భద్రతా హెచ్చరిక వస్తుంది, ప్లే స్టోర్‌లో వెతికిన యాప్ దొరకదు. ట్యాబ్ చెడిపోయి ఇలా జరగడం లేదు. వెబ్‌సైట్‌ను నమ్మవచ్చో లేదో తేల్చే మూల ధ్రువపత్రాలు సిస్టమ్‌లోనే ఉంటాయి. వెబ్‌సైట్లకు ధ్రువపత్రాలు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాడే ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 అనే ధ్రువపత్రం 7.1.1 కన్నా పాత ఆండ్రాయిడ్‌లలో లేదు, అలాంటి పరికరాల కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు గడువు కూడా 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ట్యాబ్‌కు ఈ లోటు పూర్తిగా తీరాలంటే కస్టమ్ రోమ్, అంటే కంపెనీ సిస్టమ్ స్థానంలో బయటి డెవలపర్లు తయారు చేసిన ఆండ్రాయిడ్, వేసుకోవడమే దారి.

ఈ పనిలో జరిగే నష్టం ఎక్కువగా తొందరపాటు వల్ల జరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆగగానే రోమ్ బాగోలేదనుకుని ఇంకొకటి దించుకుని దాని మీద వేసేస్తారు. నిజానికి కారణం చాలాసార్లు అంతకు ముందు దశలోనే ఉంటుంది, తెర మీద కనిపించే చివరి రెండు మూడు వరుసలు నిదానంగా చదివితే అది బయటపడుతుంది. అందుకే ఇక్కడ ఒక్కో లక్షణాన్నీ అది ఎదురయ్యే వరుసలోనే తీసుకున్నాను.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఫొటోలు, ఫైళ్లు వేరే చోట దాచుకోండి, ఎందుకంటే ఈ పనిలో ట్యాబ్‌లోని డేటా మొత్తం పోతుంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ఉన్న మోడల్ నంబరును చివరి అంకె వరకు రాసుకోండి. వైఫై మోడల్‌కూ సిమ్ మోడల్‌కూ పేరు ఒకటే అయినా నంబరులో ఒక్క అంకె తేడా ఉంటుంది, దేని రోమ్ దానికే. సిమ్ మోడల్ అయితే రికవరీ (సిస్టమ్‌ను తుడిచి కొత్తది వేయడానికి వాడే చిన్న ప్రోగ్రాం) ఎక్కించగానే ఈఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను (స్టోరేజీలో సిమ్‌కు సంబంధించిన వివరాలుండే భాగం) మెమరీ కార్డులోకి బ్యాకప్ తీసుకోండి, అది దెబ్బతింటే ఐఎంఈఐ నంబరు పోయి సిమ్ పనిచేయదు. ఇక 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబుల జోలికి మాత్రం వెళ్లకండి. అవి చదువు కోసం ప్రత్యేక నియంత్రణలతో ఇచ్చినవి, వాటి మీద ప్రయోగం చేస్తే నష్టపోయేది పిల్లలే.

కంప్యూటర్‌కు ట్యాబ్ కనిపించడం లేదు

ఛార్జింగ్ ఎక్కుతుంది, కంప్యూటర్‌లో మాత్రం ఏ కదలికా ఉండదు. మొదటి అనుమానం కేబుల్ మీదే పెట్టుకోవాలి. చవకగా దొరికే చాలా కేబుళ్లలో కరెంటు తీగలు తప్ప డేటా తీగలు ఉండవు, కాబట్టి ఏదైనా ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫొటోలు ఎక్కించిన కేబుల్‌నే వాడండి.

కేబుల్ మంచిదే అయితే పోర్టును చూడాలి. మన తీరప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర మేత లెక్కలు రాసుకోవడానికి వాడిన ట్యాబ్ అయితే ఉప్పుగాలికి పోర్టులోని పిన్నులు మెల్లగా తుప్పు పడతాయి. ట్యాబ్ ఆపేసి టార్చి వెలుతురులో లోపలికి చూడండి. మైక్రో యూఎస్‌బీ పోర్టులో మధ్యనున్న సన్నని పలక మీద అయిదు పిన్నులు వరుసగా ఉంటాయి. కరెంటు ఈ చివరా ఆ చివరా ఉన్న పిన్నుల గుండా వెళ్తుంది, డేటా లోపలి పిన్నుల గుండా వెళ్తుంది. లోపలివి నల్లబడినా, వాటి చుట్టూ ఆకుపచ్చని పొడి పేరుకున్నా ఛార్జింగ్ ఎక్కుతూనే డేటా ఆగిపోతుంది. మెత్తని బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తేలిగ్గా తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ ప్రయత్నించండి. సూదితోనో పిన్నీసుతోనో గీకితే ఆ పలక విరుగుతుంది. తుడిచినా మార్పు లేకపోతే ఛార్జింగ్ పోర్టు మార్పించాకే ముందుకు వెళ్లాలి, ఎందుకంటే ఫ్లాష్ అవుతుండగా, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లోకి ఎక్కుతుండగా, కనెక్షన్ తెగితే అప్పుడు వచ్చే ఇబ్బంది దీనికన్నా చాలా పెద్దది.

పోర్టు కూడా బాగుందంటే డ్రైవరు లేదన్నమాట. విండోస్‌లో ట్యాబ్ కంపెనీ ఇచ్చే యూఎస్‌బీ డ్రైవరు వేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ట్యాబ్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రాం) ట్యాబ్ సీరియల్ నంబరు పక్కన ‘అనాథరైజ్డ్’ అని వస్తే ట్యాబ్ తెర మీద అనుమతి అడిగే పెట్టె మీ కోసం ఎదురుచూస్తోందని అర్థం, అక్కడ ఒప్పుకుంటే సరిపోతుంది. ఏడీబీలో కనిపించిన ట్యాబే ఫాస్ట్‌బూట్‌లోకి (ఆండ్రాయిడ్ మొదలుకాక ముందే కంప్యూటర్ ఆదేశాలు తీసుకునే మోడ్) వెళ్లగానే మాయమైతే ఆ మోడ్‌కు డ్రైవరు విడిగా ఎక్కించాలి.

అన్‌లాక్ ఆప్షన్ లేదు, లేదా ఉన్నా నొక్కనివ్వదు

సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ఉన్న బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులోని ఓఈఎం అన్‌లాక్ (బయటి సాఫ్ట్‌వేర్ వేయడానికి అనుమతించే స్విచ్) కనిపించకపోతే వైఫై కలిపి, తేదీ, సమయం సరిచూసి మళ్లీ చూడండి. కొన్ని సామ్‌సంగ్ మోడళ్లలో రీసెట్ చేశాక ఏడు రోజుల వరకు ఇది కనిపించదు, అప్పుడు ఆగడం తప్ప చేసేదేమీ లేదు. దీన్ని ఆన్ చేయకుండా ఫ్లాష్ చేస్తే అధికారిక ఫైళ్లను మాత్రమే అనుమతిస్తామని ట్యాబ్ తిరస్కరిస్తుంది. సామ్‌సంగ్‌లో బయటి ఫైలు ఒక్కసారి ఎక్కించినా నాక్స్ అనే భద్రతా వ్యవస్థలోని గుర్తు శాశ్వతంగా మారిపోతుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా అది వెనక్కు రాదు. ఇదే దశలో సెట్టింగ్స్ నుంచి గూగుల్ ఖాతాను తీసేయండి, లేకపోతే రోమ్ వేశాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగి ట్యాబ్ అక్కడే ఆగిపోవచ్చు.

రికవరీ వేసినా పాత రికవరీయే తెరుచుకుంటోంది

సామ్‌సంగ్ ట్యాబుల్లోకి ఫైళ్లు ఎక్కించే కంప్యూటర్ ప్రోగ్రాం ఓడిన్‌లో పచ్చగా ‘పాస్’ అని వస్తుంది, ట్యాబ్ మామూలుగా ఆన్ అవుతుంది, ఆ తర్వాత రికవరీలోకి వెళ్తే టీడబ్ల్యూఆర్‌పీ (రోమ్‌లు వేయడానికి వాడే బయటి రికవరీ) బదులు కంపెనీ రికవరీయే కనిపిస్తుంది. కొత్తగా ఈ పని చేసేవారిని ఎక్కువగా కంగారు పెట్టే లక్షణం ఇదే. ఫ్లాష్ సరిగానే జరిగింది. అయితే కంపెనీ సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు రికవరీ మారిందేమో చూసి, మారి ఉంటే తన రికవరీని తిరిగి రాసుకునే ఏర్పాటు చాలా ట్యాబుల్లో ఉంటుంది. కాబట్టి టీడబ్ల్యూఆర్‌పీ వేశాక కంపెనీ సిస్టమ్‌కు ఒక్కసారి కూడా ఆన్ అయ్యే అవకాశం ఇవ్వకూడదు.

ఓడిన్ ఆప్షన్స్‌లో ‘ఆటో రీబూట్’ గుర్తు తీసేసి, టీడబ్ల్యూఆర్‌పీ ఫైలును ‘ఏపీ’ అని రాసి ఉన్న గడిలో పెట్టి మొదలుపెట్టండి. ‘పాస్’ వచ్చాక కేబుల్ తీసి, వాల్యూమ్ తగ్గించే బటన్, హోమ్, పవర్ మూడూ కలిపి నొక్కి పట్టుకోండి. తెర నల్లబడిన క్షణంలోనే హోమ్, పవర్ బటన్ల మీది వేళ్లు తీయకుండా, వాల్యూమ్ తగ్గించే బటన్ మీది వేలును పెంచే బటన్ మీదికి జరపాలి. ఆ క్షణం తప్పితే కంపెనీ లోగో వచ్చేస్తుంది, అప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ మోడ్ (ఓడిన్ నుంచి ఫైళ్లు తీసుకునే మోడ్) నుంచి మొదలుపెట్టాలి. టీడబ్ల్యూఆర్‌పీ తెరుచుకుని సిస్టమ్‌లో మార్పులకు అనుమతి అడిగితే స్వైప్ చేసి అనుమతించండి.

ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ నంబరు వచ్చి ఆగింది

ఎర్రర్ 7 వచ్చిందంటే, రోమ్ తాను ఏ మోడల్ కోసం తయారైందో చూసుకుని, మీ ట్యాబ్ అది కాదని ఆగిందన్నమాట. రోమ్ ఫైలు పేరులోని సంకేతనామం (డెవలపర్లు ఒక్కో మోడల్‌కు వాడే పేరు) మీ మోడల్ నంబరుదేనా అని చూడండి. రెండూ సరిపోయినా ఇదే వస్తుంటే టీడబ్ల్యూఆర్‌పీ గానీ బూట్‌లోడర్ (ట్యాబ్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) గానీ పాతదై ఉంటుంది, కొత్తది వేస్తే తీరుతుంది. రోమ్ జిప్‌లో ఈ తనిఖీ వరుసనే తీసేయమని వీడియోల్లో సలహాలు ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. వేరే మోడల్ ఫైళ్లు కీలకమైన పార్టిషన్లలో పడితే ట్యాబ్ అసలు ఆన్ కాకుండా పోవచ్చు, దాన్ని అడ్డుకునేది ఆ ఒక్క వరుసే.

ఓపెన్ జీయాప్స్ (ప్లే స్టోర్ వంటి గూగుల్ యాప్‌ల ప్యాకేజీ) వేసేటప్పుడు ఎర్రర్ 64 వస్తే ప్యాకేజీ ప్రాసెసర్ రకానికి సరిపడలేదని అర్థం. చిప్ 64 బిట్‌ది అయినా దాని మీద నడిచే రోమ్ 32 బిట్‌ది అయి ఉండవచ్చు, కాబట్టి చిప్‌ను చూసి కాకుండా రోమ్‌ను చూసి ఏఆర్‌ఎం (32 బిట్) కావాలో ఏఆర్‌ఎం64 (64 బిట్) కావాలో తేల్చుకోండి. ఎర్రర్ 20 అంటే ఆండ్రాయిడ్ వెర్షన్ తేడా.

ఎర్రర్ 70 అంటే సిస్టమ్ పార్టిషన్‌లో చోటు చాలలేదని అర్థం. పాత ట్యాబులు తయారైనప్పుడు సిస్టమ్‌కు కేటాయించిన స్థలం ఆనాటి ఆండ్రాయిడ్‌కు సరిపడేంతే. అన్నిటికన్నా చిన్నదైన పికో ప్యాకేజీతో చాలా ట్యాబుల్లో సమస్య తీరిపోతుంది. 2013 నాటి నెక్సస్ 7లో అదీ ఇరుకే, ఆండ్రాయిడ్ 6.0.1తో గూగుల్ అప్‌డేట్లు ఆపేసిన ఆ ట్యాబ్‌కు పార్టిషన్లను తిరిగి విభజించాక వేసే రోమ్‌ను లీనేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ బృందం ‘ఫ్లాక్స్’ అనే వేరే సంకేతనామంతో విడుదల చేసింది. విభజన చేయకుండా ఫ్లాక్స్ రోమ్ వేయకూడదు.

ఏడీబీ సైడ్‌లోడ్ (కంప్యూటర్ నుంచే రోమ్ ఎక్కించే పద్ధతి) 47 శాతం దగ్గర ఆగినట్టు కంప్యూటర్ చూపిస్తే భయపడి కేబుల్ లాగేయకండి. పని పూర్తయినా ఆ అంకె అక్కడే నిలిచిపోవడం ఉంది, అయిందో లేదో ట్యాబ్ తెర మీదే చూసుకోవాలి.

డేటా మౌంట్ కావడం లేదు

పాత సిస్టమ్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు సంకేతాల్లోకి మార్చి) ఉంటే టీడబ్ల్యూఆర్‌పీ దాన్ని చదవలేదు. మామూలు ఫ్యాక్టరీ రీసెట్ దీనికి చాలదు, ఎందుకంటే అది ఫైళ్లను తుడుస్తుందే గానీ పార్టిషన్‌ను కొత్తగా తయారు చేయదు. ‘ఫార్మాట్ డేటా’ నొక్కి, ‘యెస్’ అని టైపు చేసి, మళ్లీ రికవరీలోకే రీబూట్ కావాలి. ఇంటర్నల్ మెమరీలో పెట్టుకున్న రోమ్ ఫైలు కూడా దీంతో పోతుంది కాబట్టి ఫైళ్లను ముందే మెమరీ కార్డులో ఉంచండి.

లోగో తిరుగుతూనే ఉంది

మొదటిసారి ఆన్ కావడానికి పాత ట్యాబ్‌కు పది పదిహేను నిమిషాలు పట్టడం సహజం. ఛార్జర్ పెట్టి వదిలేయండి. అరగంట దాటినా తిరుగుతుంటే పాత డేటా తుడవకుండా రోమ్ వేశారని గానీ, దించుకున్న ఫైలు పాడయిందని గానీ అనుకోవాలి. ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలు పాడవలేదని తేల్చే సంకేతం) డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన దానితో పోల్చి, ఫార్మాట్ డేటా చేసి, ముందు రోమ్‌ను, వెంటనే జీయాప్స్‌ను వేయండి. రోమ్‌తో ఒకసారి ఆన్ చేసి చూసుకుని, జీయాప్స్ తర్వాత వేద్దామనుకుంటే ప్లే సర్వీసెస్ ఆగిపోయిందనే సందేశం పదేపదే వస్తుంది. దానికి మళ్లీ డేటా తుడిచి రెండూ వరుసగా వేయడమే మందు.

ప్లే స్టోర్‌లోకి వెళ్లగానే పరికరానికి ధ్రువీకరణ లేదని చెప్తే, జీఎస్‌ఎఫ్ ఐడీని (గూగుల్ సర్వీసులు ఈ ట్యాబ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) గూగుల్ ఇందుకోసమే పెట్టిన పేజీలో నమోదు చేసి, కాసేపాగి రీస్టార్ట్ చేయండి. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు అయినా పనిచేయకపోవచ్చు. డబ్బు లావాదేవీలకు ఈ ట్యాబ్ వాడాలనే ఆలోచన ఉంటే దాన్ని మానుకోవడమే మంచిది.

రోమ్ బాగుంది, ట్యాబ్ మాత్రం నెమ్మదిగా ఉంది

మొదటి ఒకటి రెండు రోజుల నెమ్మదిని లెక్కలోకి తీసుకోకండి, యాప్‌లను సిస్టమ్ సిద్ధం చేసుకునే సమయం అది. రాత్రి తెర ఆపి ఛార్జింగ్‌లో ఉంచితే ఆ పనీ, స్టోరేజీని శుభ్రం చేసే ట్రిమ్ పనీ రెండూ జరుగుతాయి. ఆండ్రాయిడ్ 4.3తో వచ్చిన ఈ ట్రిమ్ స్టోరేజీ నిండుగా ఉంటే అంతగా ఉపకరించదు, అందువల్ల మెమరీలో ఆరో వంతయినా ఖాళీగా ఉంచండి. పాత ట్యాబుల్లో నెమ్మదికి ర్యామ్ కన్నా స్టోరేజీయే ఎక్కువ కారణమని నా నమ్మకం, వీడియోలు, పాటలు మెమరీ కార్డులోకి మార్చగానే తేడా తెలుస్తుంది.

2 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌కు దొరికినవాటిలో అన్నిటికన్నా కొత్త ఆండ్రాయిడే కావాలని పట్టుబట్టకండి. కెమెరా, వైఫై, బ్లూటూత్ అన్నీ పనిచేస్తున్నాయని డెవలపర్ రాసిన రోమ్, ఒకటి రెండు వెర్షన్లు వెనకబడినా, మేలు. డెవలపర్ ఆప్షన్స్‌లో మూడు యానిమేషన్ విలువలనూ 0.5కు తగ్గించండి. ర్యామ్ క్లీనర్ యాప్‌లను తీసేయండి. అవి మూసిన యాప్‌లు వెంటనే తిరిగి తెరుచుకుంటూ ప్రాసెసర్‌కు రెట్టింపు పని పెడతాయి. ప్రాసెసర్ వేగం పెంచే కెర్నల్స్ (సిస్టమ్‌కు మూలమైన భాగం) జోలికి వెళ్లకపోవడం మంచిది, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండల్లో, ఎందుకంటే వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, పెంచిన ఫలితం దక్కదు, బ్యాటరీ ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

ఛార్జింగ్ త్వరగా దిగిపోతోంది

బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎక్కువ వాడుతోందో చూసి దాని నేపథ్య పనిని నియంత్రించండి. బ్యాటరీ గణాంకాల ఫైలు తుడిస్తే బ్యాటరీ సర్దుకుంటుందని చెప్పేది నిజం కాదు, ఆ ఫైలు వాడకం లెక్కలు చూపడానికే తప్ప ఛార్జింగ్‌తో దానికి సంబంధం లేదు. నలభై శాతం నుంచి ఒక్కసారిగా ఆగిపోతుంటే సెల్ అరిగిపోయిందనే అర్థం, ఏ రోమ్ వేసినా అది బాగుపడదు. ట్యాబ్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. నాలుగు మూలలూ ఆనకుండా మధ్యలో ఊగుతుంటే, తెర అంచు పైకి లేస్తుంటే బ్యాటరీ ఉబ్బింది. దాన్ని వెంటనే ఆపేసి, ఛార్జింగ్ పెట్టకుండా, ఎండ తగలని చోట ఉంచి, బ్యాటరీ మార్పించాకే రోమ్ పని మొదలుపెట్టండి.