మీ యాంటీవైరస్‌లోనే లొసుగు ఉందా? వెర్షన్ నంబరు చూసి తేల్చుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ఒక మావయ్య జెరాక్స్, డీటీపీ షాపు నడుపుతాడు. హాల్ టికెట్ల సీజన్ వచ్చిందంటే ఆ కంప్యూటర్‌కి రోజూ ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతారో లెక్కే ఉండదు. ఒకరోజు ఫోన్ చేసి, "సిస్టం మరీ స్లో అయిపోనాది, ఓపాలి సూడు బాబూ" అన్నాడు. వెళ్లి యాంటీవైరస్ తెరిచాను. ఆకుపచ్చ టిక్కు ఉంది. లైసెన్సు ఇంకా ఆరు నెలలు ఉంది. ఈరోజు పొద్దున్నే అప్‌డేట్ అయినట్టు కూడా చూపిస్తోంది. కానీ వెర్షన్ నంబరు చూస్తే అది నాలుగేళ్ల కిందటి ప్రోగ్రామ్!

జరిగింది ఇదీ: ఏటా డబ్బు కట్టి కీ పొడిగించుకుంటున్నాడు. కొత్త వైరస్‌ల జాబితా రోజూ దిగుతోంది. అసలు ప్రోగ్రామ్ మాత్రం కొన్నప్పటిదే. ఆ నాలుగేళ్లలో అందులో బయటపడ్డ లోపాలన్నీ ఆ కంపెనీ సొంత సైట్లోనే వరసగా రాసి ఉన్నాయి. చూపిస్తే మావయ్య ముఖం మాడిపోయింది. "మందుకే రోగమొస్తే ఇంకేటి సేత్తాం?"

చేయగలిగింది ఉంది. అరగంట పని.

యాంటీవైరస్‌కి రోగం ఎందుకొస్తుంది?

ఇచ్ఛాపురం దాటాక పురుషోత్తపురం చెక్‌పోస్టు ఊహించుకోండి. అక్కడ లారీలు ఆపి టార్పాలిన్ ఎత్తి లోపల ఏముందో చూస్తారు. ఎవడైనా మూటలో బాంబు పెట్టి, మూట విప్పగానే పేలేలా కడితే, అది పేలేది విప్పినవాడి చేతుల్లోనే. యాంటీవైరస్ పనీ అంతే. మీరు తెరవని ఫైలును కూడా అది తెరిచి చూస్తుంది. జిప్, రార్, పీడీఎఫ్, మెయిల్ అటాచ్‌మెంట్, ఏదొచ్చినా విప్పాల్సిందే. పైగా దానికి కంప్యూటర్‌లో అందరికన్నా ఎక్కువ అధికారం ఉంటుంది. విప్పే కోడ్‌లో ఒక్క తప్పు దొర్లినా, ఆ అధికారమంతా దొంగ చేతికి పోతుంది.

ఇది ఊహ కాదు. 2016లో లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకి చెందిన టావిస్ ఓర్మాండీ సిమాంటెక్, నార్టన్ యాంటీవైరస్ ఉత్పత్తుల్లో ఇలాంటి లోపాలు వరసగా బయటపెట్టాడు. ఒకదానికైతే మెయిల్ వస్తే చాలు, దాన్ని తెరవక్కర్లేదు. ప్యాక్ చేసిన ఫైళ్లను విప్పే పనిని విండోస్ కెర్నెల్‌లోనే, అంటే సిస్టం గర్భగుడిలోనే చేస్తున్నారని తేలింది. అంతకన్నా నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకోటి: ఫైళ్లు విప్పడానికి బయటినుంచి తెచ్చుకున్న ఓపెన్ సోర్స్ కోడ్‌ను కనీసం ఏడేళ్లుగా అప్‌డేట్ చేయలేదు. మనల్ని అప్‌డేట్ చేసుకోమని రోజూ పోరు పెట్టేవాళ్లే!

ముందు మూడు నంబర్లు రాసుకోండి

యాంటీవైరస్‌కి ఒక్క వెర్షన్ కాదు, సాధారణంగా మూడు ఉంటాయి. మొదటిది ప్రోగ్రామ్ వెర్షన్. రెండోది ఇంజిన్ వెర్షన్, అంటే ఫైళ్లను విప్పి పరీక్షించే భాగం. మూడోది డెఫినిషన్లు, అంటే వైరస్‌ల జాబితా. రోజూ మారేది మూడోదే. "అప్ టు డేట్" అనే మాట చాలాసార్లు దాని గురించే. లోపాలు ఎక్కువగా ఉండేది మొదటి రెండింట్లో. మావయ్య మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ వాడుతుంటే స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరవండి. ఎడమవైపు కింద సెట్టింగ్స్, అందులో అబౌట్. అక్కడ యాంటీమాల్‌వేర్ క్లయింట్ వెర్షన్, ఇంజిన్ వెర్షన్, యాంటీవైరస్ వెర్షన్ అని విడివిడిగా కనిపిస్తాయి. వేరే కంపెనీది అయితే హెల్ప్ లేదా అబౌట్ అన్నచోట వెతకండి. తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక కాగితం మీద నంబర్లు పూర్తిగా, చుక్కలతో సహా రాసుకోండి. ఫోన్‌తో ఫొటో తీసినా సరే.

ఆ నంబరు మీద కేసులు ఉన్నాయా?

బయటపడిన ప్రతి లోపానికీ ప్రపంచమంతా ఒకే కేసు నంబరు వాడుతుంది. దాన్ని సీవీఈ అంటారు. 1999 నుంచి ఈ పద్ధతి ఉంది. సీవీఈ-2017-0290 అంటే 2017 ఖాతాలో నమోదైన లోపం. మీ యాంటీవైరస్ పేరుకు "సెక్యూరిటీ అడ్వైజరీ" అని జోడించి వెతికితే కంపెనీ పేజీ దొరుకుతుంది. ముందు అదే చూడండి. అమెరికా ప్రభుత్వం నడిపే నేషనల్ వల్నరబిలిటీ డేటాబేస్‌లో కూడా పేరు కొట్టి వెతకొచ్చు. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కూడా ఇలాంటి నోట్లు విడుదల చేస్తుంది. వాటిలో "సాఫ్ట్‌వేర్ అఫెక్టెడ్" అన్న శీర్షిక కింద ఏ వెర్షన్లకు ముప్పో ఉంటుంది.

పెద్ద జాబితా కనిపిస్తే కంగారు పడకండి. ఎక్కువ లోపాలు బయటపెట్టిన కంపెనీ చెడ్డదని, ఒక్కటీ లేనిది మంచిదని అనుకోవడం పొరపాటు. వెతికేవాళ్లు లేకపోయినా జాబితా ఖాళీగానే ఉంటుంది. నేనైతే లోపం తెలిశాక ఎన్ని రోజుల్లో సరిచేశారో చూస్తాను. పైన చెప్పిన సీవీఈ-2017-0290 డిఫెండర్‌లోని లోపమే. దాన్ని వారాంతంలో తెలియజేస్తే మైక్రోసాఫ్ట్ సోమవారానికల్లా సరిచేసి పంపింది. అలాగని వాళ్ల చరిత్రంతా ఇంత చురుకు కాదు. అదే డిఫెండర్ డ్రైవర్‌లో, అంటే విండోస్ లోతుల్లో పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌లో, ఒక లోపం పన్నెండేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి 2021లో బయటపడింది.

నంబర్లు పోల్చేటప్పుడే అసలు తికమక

ఇక్కడ తొందర పడొద్దు. 22.9 పెద్దదా, 22.10 పెద్దదా? లెక్కల క్లాసులో అయితే 22.9. వెర్షన్లలో 22.10 తర్వాతది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్నదాన్ని విడి సంఖ్యగా చదవాలి. ఆ 2017 లోపం ఉన్న ఆఖరి ఇంజిన్ 1.1.13701.0, సరిచేసినది 1.1.13704.0. చూపు తప్పితే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

"బిఫోర్ 22.1" అని రాస్తే 22.1కి ముప్పు లేదని అర్థం. "22.1 అండ్ ఎర్లియర్" అంటే 22.1 కూడా దోషే. ఈ తేడా నేనే రెండుసార్లు తప్పు చదివాను.

పెద్ద నంబరు ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. క్లామ్ఏవీ అని ఉచితంగా దొరికే యాంటీవైరస్ ఉంది, మెయిల్ సర్వర్లలో బాగా వాడతారు. 2023 ఫిబ్రవరిలో దాంట్లో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. తీవ్రత మార్కులు పదికి 9.8. దాన్ని సరిచేస్తూ 0.103.8, 0.105.2, 1.0.1 అని మూడు వెర్షన్లు ఇచ్చారు. మరి 0.104 వాడేవాళ్ల సంగతి? ఆ వరసకు ఆయుష్షు అయిపోయింది, సరిచేయబోమన్నారు. అంటే అప్పట్లో 0.103.8 ఉన్నవాడు క్షేమం, అంతకన్నా కొత్త 0.104 ఉన్నవాడికి ముప్పు. అందుకే మీ వెర్షన్ ఏ వరసలోది, ఆ వరస ఇంకా బతికే ఉందా అని కూడా చూడాలి. కంపెనీ సైట్లో "ఎండ్ ఆఫ్ లైఫ్" అన్న పేజీలో ఆ తేదీలు ఉంటాయి.

విండోస్ సంగతీ అంతే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంటే టిక్కు ఆకుపచ్చగానే ఉంటుంది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరకపోతే కింద ఉన్న విండోస్‌కే చిల్లులు పూడ్చేవాళ్లు ఉండరు. పై అంతస్తుకి తాళం వేసి కింద తలుపు తీసి ఉంచినట్టే.

ఏది ముందు?

"రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్" అని ఉంటే ఆరోజే పని కానివ్వండి. బయటివాడు పంపిన ఫైలుతోనే కంప్యూటర్ వాడి చేతికి పోతుంది. "ప్రివిలేజ్ ఎస్కలేషన్" అంటే ఇప్పటికే లోపలికొచ్చినవాడు యజమాని అయిపోవడం. ఇంట్లో ఒక్కరే వాడే లాప్‌టాప్‌కి ఇది కొంచెం ఆగొచ్చు. పదిమంది కూర్చునే నెట్ సెంటర్‌కి, కాలేజీ ల్యాబ్‌కి ఆగకూడదు. "ఎక్స్‌ప్లాయిటెడ్" అని రాసి ఉంటే దొంగలు అప్పటికే వాడుతున్నారని. 2021 జనవరిలో డిఫెండర్‌లో సరిచేసిన సీవీఈ-2021-1647 అలాంటిదే.

వారం తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లకి ఒక పాత కథ. 2004 మార్చిలో ఐఎస్ఎస్ అనే కంపెనీ ఫైర్‌వాల్ ఉత్పత్తుల్లో లోపం బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే "విట్టీ" అనే వార్మ్, అంటే తనంతట తానే పాకే వైరస్, దిగింది. సుమారు 12 వేల కంప్యూటర్లకి పాకి, డిస్కుల మీద చెత్త రాసి డేటా పాడుచేసింది. రక్షణ కోసం డబ్బు పెట్టి ఆ ఫైర్‌వాల్ పెట్టుకున్నవాళ్లే దెబ్బతిన్నారు.

అప్‌డేట్ చేశాక రీస్టార్ట్

డిఫెండర్‌లో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ప్రొటెక్షన్ అప్‌డేట్స్, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. విండోస్ అప్‌డేట్ కూడా విడిగా చూడండి. వేరే యాంటీవైరస్ అయితే డెఫినిషన్ అప్‌డేట్‌తో ఆగకుండా "ప్రోగ్రామ్ అప్‌డేట్" లేదా "అప్‌గ్రేడ్" అన్నది వెతకండి. లైసెన్సు నడుస్తుంటే కొత్త వెర్షన్ విడిగా కొనాల్సి వస్తుందా అన్నది కంపెనీ సైట్లోనే చూసుకోండి. మావయ్యకి రూపాయి ఖర్చు లేకుండానే వచ్చింది. క్రాక్ కీలతో నడిపేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: తీసేసి డిఫెండర్ వాడుకోండి. ఇంటి కంప్యూటర్‌కి అది చాలు.

ఇప్పుడు చాలామంది తప్పే చోటు. అప్‌డేట్ దిగింది, "రీస్టార్ట్" అడిగింది, రాత్రి షాపు మూసేటప్పుడు షట్‌డౌన్ చేస్తాం కదా అని వదిలేశారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ పూర్తిగా ఆగదు. దాని స్థితిని డిస్కులో దాచుకుని పొద్దున్న మళ్లీ అలాగే లేపుతుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. మావయ్య కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి అప్ టైమ్, అంటే రీస్టార్ట్ లేకుండా గడిచిన కాలం, చూస్తే 41 రోజులు! "రోజూ రాత్రి ఆపేత్తన్నాను కదరా" అని నా మీదే కోప్పడ్డాడు.

రీస్టార్ట్ అయ్యాక కాగితం మీది మూడు నంబర్లూ మళ్లీ పోల్చండి. మారాయా లేదా అన్నదే ముఖ్యం, టిక్కు రంగు కాదు.

మీరు వాడని యాంటీవైరస్ కూడా దెబ్బ తీయొచ్చు

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన అకౌంట్స్ లాప్‌టాప్‌లో మూడు కంపెనీల ట్రయల్ యాంటీవైరస్‌ల మిగుళ్లు దొరికాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా డ్రైవర్లు ఉండిపోయాయి. ఇలాంటి పాత డ్రైవర్లంటే దొంగలకి మహా ఇష్టం. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ పాత యాంటీ రూట్‌కిట్ డ్రైవర్‌ను 2022లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే అవోస్‌లాకర్ అనే రాన్సమ్‌వేర్ ముఠా తమతో పాటు తెచ్చుకుని, దాని అధికారంతో కంప్యూటర్‌లో ఉన్న వేరే యాంటీవైరస్‌లను ఆపించింది. కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న అసలైన డ్రైవర్ కాబట్టి విండోస్ రానిచ్చింది. అవాస్ట్ ఆ లోపాలను సరిచేసినా, పాత డ్రైవర్ ఫైలు లోకంలోంచి పోదు కదా.

కాబట్టి తీసేసిన యాంటీవైరస్‌కి ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ కూడా నడపండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ తెరిచి మెమరీ ఇంటెగ్రిటీ, వల్నరబుల్ డ్రైవర్ బ్లాక్‌లిస్ట్ రెండూ ఆన్ చేయండి. పాత ప్రింటర్, స్కానర్ డ్రైవర్ ఏదైనా దీనికి అడ్డుపడితే అదే పేరుతో సహా చూపిస్తుంది.

అప్‌డేటే ముంచితే?

ముంచుతుంది, అప్పుడప్పుడు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ పంపిన ఒక డెఫినిషన్ అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి అవసరమైన దాని సొంత ఫైలునే వైరస్ అనుకుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. అందుకని అప్‌డేట్లు ఆపేయడం తెలివి కాదు. నాలుగైదు కంప్యూటర్లు ఉన్న షాపైతే ముందు ఒకదానికి చేసి, ఒక పూట చూసి, మిగతావాటికి చేయండి. బిల్లులు, టాలీ డేటా విడిగా హార్డ్ డిస్కులో కాపీ పెట్టుకోండి. ఆ డిస్కు ఎప్పుడూ తగిలించి ఉంచొద్దు.

మన జిల్లాకి ప్రత్యేకంగా ఇంకో మాట. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలా చాలా రోజులు మూలనపడ్డ కంప్యూటర్‌ను లేపగానే పెండింగ్ మెయిళ్లు, పెన్‌డ్రైవ్‌లు తెరవొద్దు. ముందు నెట్ ఇచ్చి, అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ కొట్టి, నంబర్లు చూసి, అప్పుడు పని మొదలుపెట్టండి.

ఎన్నాళ్లకోసారి చూడాలి? మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్లు అమెరికా లెక్కన నెలలో రెండో మంగళవారం వస్తాయి. మనకి అప్పటికి రాత్రి పదిన్నర దాటుతుంది. మావయ్య గోడ క్యాలెండర్‌లో ఆ మంగళవారం మర్నాడు వచ్చే బుధవారాలన్నిటికీ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు. పోయిన నెల గడిలో మూడు నంబర్లు రాసి, పక్కన "రీస్టార్ట్ అయింది" అని ఉంది.